చక్కెర కవచం చాటున బాక్టీరియా

బెల్లం పాకం తీగలా సాగిందో లేదో వేళ్ల మధ్య పట్టి చూస్తాం. ఆసుపత్రి ల్యాబ్‌లలోనూ ఇలాంటి పరీక్షే ఒకటి ఉంది. గాజు పళ్లెంలో పెరిగిన క్లెబ్సియెల్లా న్యుమోనియే బాక్టీరియా గుంపును సన్నని లోహపు తీగతో తాకి పైకి లేపుతారు. జిగురు తెగకుండా 5 మిల్లీమీటర్లకు మించి సాగితే, అది ప్రమాదకరమైన రకం కావచ్చని అనుమానిస్తారు. ఆ జిగురంతా బాక్టీరియా ఒంటిని చుట్టి ఉండే 'క్యాప్సూల్' నుంచి వచ్చిందే. మనం మింగే క్యాప్సూల్‌కూ దీనికీ పేరు తప్ప మరే పోలికా లేదు. ఇది పొడవాటి చక్కెర గొలుసులతో, అంటే పాలీశాకరైడ్లతో అల్లుకున్న నీటి పొర.

కవచం ఉంటేనే కాటు

శరీరంలోకి బాక్టీరియా చొరబడగానే రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు దాని మీద అంటుకుంటాయి. ఆ గుర్తును పట్టుకుని తెల్ల రక్తకణాలు దాన్ని మింగేస్తాయి. క్యాప్సూల్ ఈ పనికి అడ్డుపడుతుంది. గుర్తు పడాల్సిన చోటును కప్పేస్తుంది, మింగబోయే కణానికి పట్టు చిక్కనివ్వదు.

ఈ తేడా ఎంతటిదో 1928లో బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గ్రిఫిత్ ప్రచురించిన ప్రయోగాల్లో కనిపిస్తుంది. క్యాప్సూల్ ఉన్న న్యుమోకాకస్ ఎక్కించిన ఎలుకలు చనిపోయాయి. క్యాప్సూల్ కోల్పోయిన రకం ఎక్కించినవి బతికాయి.

మందులనూ ఆపుతుందా?

అన్నింటినీ ఆపలేదు. క్యాప్సూల్‌లో ఎక్కువ భాగం నీరే కాబట్టి చిన్న అణువులున్న చాలా యాంటీబయాటిక్స్ దాన్ని దాటుకుని వెళ్తాయి. పాలిమిక్సిన్ల సంగతి వేరు. ధనావేశం ఉన్న ఈ పెద్ద అణువులను రుణావేశం ఉన్న చక్కెర గొలుసులు దారిలోనే పట్టేస్తాయి.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా గమనించాలి. మందు ఉన్నా బాక్టీరియా పెరుగుతూనే ఉంటే అది నిరోధకత. పెరగకపోయినా చావకుండా కొంతకాలం తట్టుకుంటే అది సహనం. మందు దెబ్బకు నీరసించిన బాక్టీరియాను చివరికి ఏరివేయాల్సింది తెల్ల రక్తకణాలే. క్యాప్సూల్ వాటిని దూరం పెడితే, మిగిలిన కొద్దిపాటి బాక్టీరియా మందు ఆపగానే మళ్లీ తలెత్తే అవకాశం ఉంటుంది.

కొన్నిసార్లు మందే కవచాన్ని మందం చేస్తుంది. ఆసుపత్రుల్లో సోకే అసినెటోబాక్టర్ బామానీని చంపలేనంత తక్కువ మోతాదులో కొన్ని యాంటీబయాటిక్స్‌కు గురిచేస్తే, అది మరింత క్యాప్సూల్ తయారుచేసుకుందని 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది. కాంప్లిమెంట్ దాడిని తట్టుకోవడమే కాక, ఎలుకల్లో మరింత ప్రాణాంతకంగా కూడా మారింది.

రెండు ఆయుధాలు ఒకే చేతిలో

తైవాన్‌లో 1980ల నుంచి ఆరోగ్యంగా తిరుగుతున్న వారిలోనూ కాలేయంలో చీముగడ్డలు కలిగించే క్లెబ్సియెల్లా బయటపడింది. దాని క్యాప్సూల్ దట్టమైనది, కానీ మామూలు మందులకు లొంగేది. మరోవైపు, ఆసుపత్రుల్లో ఎన్‌డీఎం వంటి ఎంజైమ్‌లతో కార్బపెనెమ్ మందులను విరగ్గొట్టే రకాలు వ్యాపించాయి. వాటికి అంత ఉధృతి ఉండేది కాదు. ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాలు ఒక బాక్టీరియా నుంచి మరోదానికి మారుతుండటంతో ఇప్పుడు ఈ రెండు లక్షణాలూ ఒకే బాక్టీరియాలో కలుస్తున్నాయి. అలాంటి రకాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో హెచ్చరిక జారీ చేసింది. అతి ఉధృత క్లెబ్సియెల్లా ఉన్నట్లు తెలిపిన దేశాల్లో భారత్ కూడా ఉంది.

కవచమే ఆనవాలు

దాక్కోవడానికి పనికొచ్చే ఈ పొరే బాక్టీరియాను పట్టిస్తుంది కూడా. క్యాప్సూల్ చక్కెరను ఒక ప్రోటీన్‌కు జతచేసి టీకాగా ఇస్తే, పసిపిల్లల శరీరం కూడా దాన్ని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. న్యుమోకాకస్ కాంజుగేట్ టీకా పనిచేసేది ఇలాగే. మన దేశ సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీన్ని 2017 నుంచి దశలవారీగా చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌ది. అందులోనూ వాడేది టైఫాయిడ్ బాక్టీరియా క్యాప్సూల్ చక్కెరే.

క్లెబ్సియెల్లాతో చిక్కేమిటంటే, దాని క్యాప్సూల్‌లో 70కి పైగా రకాలున్నాయి. ఒక రకానికి తయారైన యాంటీబాడీ మరోదాన్ని గుర్తించకపోవచ్చు. అందుకే ఎక్కువగా వ్యాధి కలిగించే కొన్ని రకాలను ఎంచుకుని టీకా రూపొందించే ప్రయత్నాలు సాగుతున్నాయి. అంతవరకూ ఆసుపత్రుల్లో చేతుల శుభ్రత, అవసరమైనప్పుడే సరైన మోతాదులో యాంటీబయాటిక్ వాడటం, ఈ రెండే ప్రధాన రక్షణ.