చెక్క తలుపుకు అగ్నిపరీక్ష!

మంటను ఆపడానికి చెక్క తలుపా? చలికాలంలో కట్టెలేసి మంట కాచుకునే మనకు ఇది జోకులాగే అనిపిస్తుంది. కానీ ఫైర్ డోర్లలో చెక్కవి బోలెడు. లండన్‌లో జరిగిన ఓ విషాదం తర్వాత అవే భేష్ అనిపించుకున్నాయి కూడా.

2017 జూన్ 14న అక్కడి గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. దర్యాప్తులో భాగంగా ఆ టవర్‌లోని ఓ ఫ్లాట్ తలుపును టెస్ట్ చేశారు. 30 నిమిషాలు మంటను ఆపాల్సిన తలుపది. 15 నిమిషాలకే చేతులెత్తేసింది! అది చెక్కది కాదు, ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న కాంపోజిట్ డోర్. దాంతో బ్రిటన్ ప్రభుత్వానికి అన్ని తలుపుల మీదా అనుమానం వచ్చింది. 25 సంస్థల చెక్క ఫైర్ డోర్లనూ కొలిమికి ఎక్కించింది. 2019లో ఫలితాలొచ్చాయి. అన్నీ పాస్!

కిటుకేంటంటే, దళసరి చెక్క ఒక్కసారిగా భగ్గున కాలిపోదు. ముందు పైపొర బొగ్గవుతుంది. ఆ బొగ్గే లోపలి చెక్కకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. యూరప్ లెక్కల ప్రకారం మెత్తని కలప నిమిషానికి దాదాపు 0.65 మి.మీ. చొప్పున బొగ్గవుతుంది. అంటే అరగంటకు 20 మి.మీ. అక్కడి అరగంట తలుపులు సాధారణంగా 44 మి.మీ. మందం ఉంటాయి.

టెస్ట్ మాత్రం మామూలుగా ఉండదు. తలుపును ఫ్రేమ్‌తో సహా కొలిమికి ఒక గోడలా బిగిస్తారు. ఐదో నిమిషానికే లోపల 576 డిగ్రీలు, అరగంటకు 842, గంటకు 945! బయట ఉన్నవాళ్లు సందుల దగ్గర దూది పెట్టి చూస్తుంటారు. అది అంటుకుందా, తలుపు ఫెయిల్. ఇవతలి వైపు మంట 10 సెకన్లకు మించి నిలిచినా అంతే.

అసలు బలహీనత చుట్టూ ఉండే సందుల్లో ఉంటుంది. అందుకే అంచుల్లో ఓ పట్టీ అమరుస్తారు. సుమారు 200 డిగ్రీల దగ్గర అది ఉబ్బి సందును మూసేస్తుంది. అయితే మొదట్లో వచ్చే పొగ అంత వేడిగా ఉండదు కాబట్టి దాన్ని ఇది ఆపలేదు. పొగకు వేరే సీల్ కావాలి. చాలామంది పట్టించుకోనిది ఇదే.

ఇంకో మెలిక. సర్టిఫికెట్ వచ్చేది చెక్క పలకకు కాదు. ఫ్రేమ్, కీళ్లు, తాళం, పట్టీ, మూసే యంత్రం... టెస్ట్‌లో ఉన్న మొత్తం సెట్టుకు. పాసైన తలుపుకే తర్వాత ఎవరో డిజిటల్ లాక్ కోసం పెద్ద రంధ్రం కొట్టారనుకోండి, ఆ కాగితానికి విలువ లేనట్టే. మన దేశంలో ఫైర్ డోర్లకు ఐఎస్ 3614 ప్రమాణం ఉంది. కొత్త ఫ్లాట్ తీసుకునేటప్పుడు టైల్స్, మాడ్యులర్ కిచెన్ గురించి వంద ప్రశ్నలు అడుగుతాం కదా, మెట్ల దగ్గరి తలుపు టెస్ట్ రిపోర్టు కూడా అడిగేయండి.

ఈలోగా ఇవాళే ఓ చిన్న పని. మీ అపార్ట్‌మెంట్‌లోనో హాస్టల్‌లోనో మెట్ల దగ్గర ఫైర్ డోర్ ఉంటే సగం తెరిచి వదిలేయండి. దానంతట అదే వచ్చి టక్కున లాక్ పడాలి. గాలి కోసమని ఎవరో అడ్డంగా పెట్టిన ఇటుకో, పూలకుండీనో ఉంటే ముందు దాన్ని పక్కకు జరపండి.