మంచుదీపం

హేమంతం మన ప్రాచీన కవులకు ప్రియమైన ఋతువు. ప్రబంధంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి. అందుచేత మంచుతెరలు, మసకబారిన సూర్యబింబం, వాడిన తామరలు మన కావ్యాలలో తరచుగా దర్శనమిస్తాయి. కావ్యంలో రసపోషకమైన ఆ మంచే రహదారిపై ప్రాణాంతకం కాగలదు. చూపు ఒక కిలోమీటరు కంటే తక్కువ దూరానికి పరిమితమైనప్పుడు దానిని వాతావరణ శాస్త్రజ్ఞులు పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తే అది దట్టమైన మంచు. 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైన మంచు. అటువంటి వేళ వాహనదారునికి తోడుగా ఉండేందుకు ఏర్పడినదే మంచుదీపం. వాడుకలో దీనినే ఫాగ్ ల్యాంపు అంటున్నాము.

హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు చిరకాలంగా వర్తకానికి నెలవులు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ నడిపిన దుకాణం వల్లనే అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. నాంపల్లిలో 1907లో రైల్వేస్టేషను వెలసింది. 1938లో ఆరంభమైన నుమాయిష్ నేటికీ ప్రతి చలికాలంలో లక్షలాది జనాన్ని నాంపల్లికి రప్పిస్తున్నది. అబిడ్స్‌ను ఆనుకొని ఉన్న ట్రూప్ బజారు విద్యుత్ సామగ్రికి ప్రసిద్ధం. నగరం నడుమ ఉన్న ఈ వీథులలో మంచు పలుచగానే ఉంటుంది. కాని ఇక్కడి నుండి బయలుదేరిన వాహనం తెల్లవారుజామున బాహ్యవలయ రహదారికి గాని, విజయవాడ, కర్నూలు వైపు పోయే జాతీయ రహదారులకు గాని చేరేసరికి ఒక్కొక్కప్పుడు దట్టమైన మంచు ఎదురవుతుంది.

కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్న యువకుడు మంచుదీపాలు బిగించుకోవాలని దుకాణానికి వెళ్లాడనుకొందాం. “అన్నా, అన్నిటికంటే ఎక్కువ వెలుతురు ఇచ్చేవి చూపించు” అని అడగడం సహజం. వెలుతురు ఎంత ఎక్కువైతే చూపు అంత స్పష్టమవుతుందని అతని భావన. చీకటి విషయంలో ఇది నిజమే. మంచు విషయంలో మాత్రం ఇది పూర్తిగా పొరపాటు.

పొగమంచు అనేది గాలిలో తేలియాడే నీటిబిందువుల సముదాయం. ఒక్కొక్క బిందువు వ్యాసం సాధారణంగా పది, ఇరవై మైక్రాన్లు ఉంటుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుండి 0.7 మైక్రాన్లు మాత్రమే. దీపకాంతి ఈ బిందువులకు తగిలి నలుదిశలా చెదరిపోతుంది. దీనినే కాంతి పరిక్షేపణం అంటారు. అలా చెదరిన కాంతిలో కొంత భాగం వెనుకకు మళ్లి చోదకుని కళ్లలోనే పడుతుంది. అందువల్ల మంచులో హైబీము వేస్తే ఎదుట తెల్లని గోడ నిలిచినట్లు తోస్తుంది. వెలుతురును పెంచినకొద్దీ ఆ గోడ మరింత తెల్లబడుతుంది. తన దీపమే తన చూపుకు అడ్డు వస్తుందన్నమాట.

పసుపుపచ్చని కాంతి మంచును చీల్చుకొని పోతుందనే నమ్మకం మరొకటి ప్రచారంలో ఉన్నది. ఆకాశం నీలంగా ఉండటానికి చెప్పే కారణాన్ని మంచుకు కూడా అన్వయించడం వల్ల ఈ అపోహ బలపడింది. గాలి అణువులు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి కనుక అవి నీలికాంతిని అధికంగా చెదరగొడతాయి. మంచుబిందువులు తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులను దాదాపు సమానంగా చెదరగొడతాయి. మంచు తెల్లగా కనిపించడమే ఇందుకు సాక్ష్యం. ఫ్రాన్సు దేశంలో 1993 వరకు కార్లకు పసుపు దీపాలే ఉండాలనే నియమం ఉండేది. పసుపుకాంతి కొందరి కళ్లకు ఇంపుగా ఉండవచ్చు గాని మంచును ఛేదించే ప్రత్యేకశక్తి దానికి లేదు.

మరి మంచుదీపం విశేషం ఎక్కడ ఉన్నది? దాని కాంతి ఆకృతిలో ఉన్నది. ఆ కాంతి విసనకర్రలా పక్కలకు విశాలంగా పరచుకొంటుంది. పైభాగాన గీత గీసినట్లు ఆగిపోతుంది. ఆ గీతకు పైన వెలుతురు పడదు కనుక, కంటికి ఎదురుగా ఉన్న మంచు వెలిగిపోదు. రోడ్డు అంచు, తెల్లచారలు, దగ్గరి గుంతలు కనిపిస్తాయి. దీపాన్ని తక్కువ ఎత్తులో అమర్చడానికి కూడా ఇదే కారణం. కాంతి నడిచే దారికి, చోదకుని చూపు నడిచే దారికి మధ్య ఎడం పెరిగినకొద్దీ, వెనుకకు మళ్లి కంట్లో పడే వెలుతురు తగ్గుతుంది.

స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది. ఈ లక్షణం మంచుదీపానికి అనుకూలమే అయినా, బంపరు అడుగున మరీ కిందికి బిగిస్తే మన వీథులలోని స్పీడ్ బ్రేకర్లకు తగిలి దీపం పగులుతుంది. బంపరులోని రంధ్రాలు కేవలం అలంకారాలు కావు. రేడియేటరుకు, కొన్ని కార్లలో బ్రేకులకు చల్లగాలి వాటి గుండానే అందుతుంది. వాటిని దీపాలతో మూసివేస్తే ఇంజను వేడెక్కుతుంది. ఎయిర్‌బ్యాగు సెన్సర్లు ముందుభాగంలో ఎక్కడ ఉన్నాయో తెలుసుకోకుండా రంధ్రాలు చేయరాదు.

ఇక విద్యుత్తు సంగతి. 55 వాట్ల హాలోజెన్ దీపాలు రెండింటికి 110 వాట్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుండి సుమారు 9.2 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించాలి. డ్యాష్‌బోర్డులోని చిన్న స్విచ్చి, సన్నని తీగ ఇంత ప్రవాహాన్ని భరించలేవు. అందుకే రిలే వాడతారు. స్విచ్చి నుండి వచ్చే స్వల్ప విద్యుత్తు రిలేలోని తీగచుట్టను అయస్కాంతంగా మారుస్తుంది. ఆ అయస్కాంతం లోపలి పలకను ఆకర్షించి, బ్యాటరీ నుండి దీపాలకు పోయే దారిని కలుపుతుంది. రిలేపై 85, 86 అంకెలున్న కొసలు తీగచుట్టవి. 30 అంకె గల కొస బ్యాటరీకి, 87 అంకె గల కొస దీపాలకు చేరుతాయి. బ్యాటరీకి వీలైనంత సమీపంలో 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. తీగ ఒరుసుకుపోయి కారు రేకుకు తగిలితే ముందుగా కాలిపోవలసినది ఫ్యూజే. అది దూరంగా ఉంటే, బ్యాటరీకి ఫ్యూజుకు నడుమనున్న తీగకు రక్షణ ఉండదు. కొన్ని కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కనుక ఈ జాగ్రత్త మరింత అవసరం. నేటి కార్లలో కంప్యూటరు ప్రతి దీపపు విద్యుత్తును గమనిస్తూ ఉంటుంది. కంపెనీ తీగలను కోసి అతుకులు వేస్తే హెచ్చరిక దీపాలు వెలగవచ్చు, వారంటీకి భంగం కలగవచ్చు.

55 వాట్ల బల్బు స్థానంలో 100 వాట్ల బల్బు పెట్టించుకొనేవారూ ఉన్నారు. అప్పుడు ప్రవాహం సుమారు 16.7 ఆంపియర్లకు పెరుగుతుంది. తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుందని జూల్ నియమం చెబుతున్నది. ఆ లెక్కన తీగ వేడి మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు ఆ భారానికి నిలువదు. అది మాటిమాటికీ కాలిపోతున్నదని పెద్ద ఫ్యూజు వేయడం కావలివానిని తొలగించి దొంగకు తలుపు తీయడం వంటిది. కారు మంటలకు ఆహుతి కావడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

బిగించిన తరువాత దీపాల గురి సరిచూడాలి. సమతలమైన చోట, గోడకు 7.5 మీటర్ల దూరంలో కారును నిలిపి, దీపం మధ్యభాగం ఎంత ఎత్తులో ఉన్నదో గోడపై గుర్తించాలి. కాంతి పైఅంచు ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్లు కిందుగా పడాలి. ఈ చిన్నపనిని విస్మరిస్తే ఎంత విలువైన దీపమైనా ఎదుటివాని కంట్లో కారమే అవుతుంది. ఒక్క క్షణం కళ్లు మిరుమిట్లు గొలిపితే ద్విచక్రవాహనదారుడు దారి తప్పవచ్చు, రోడ్డు దాటుతున్న వృద్ధుడు వాహనాన్ని గుర్తించలేకపోవచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, ప్రత్యేక అనుమతి లేనిదే వాహనం ముందుభాగాన స్పాట్‌లైట్లు, సెర్చ్‌లైట్లు అమర్చరాదని శాసించడంలోని అంతరార్థం ఇదే.

అన్నీ సక్రమంగా అమరినా మంచుదీపం వేగానికి అనుమతిపత్రం కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకొంటే, ఆ లోపలే 25 మీటర్లు గడచిపోతాయి. తడిసిన రోడ్డుపై ఆగడానికి మరో 28 మీటర్లు కావాలి. చూపు 50 మీటర్లే ఉన్నప్పుడు 60 వేగం కూడా అధికమే. 100 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 120 మీటర్లు కావాలి. స్పోర్ట్స్ కారు శక్తి ఎంతటిదైనా ఈ లెక్కను మార్చలేదు.

కాబట్టి దుకాణంలో అడగవలసినది ఎక్కువ వెలుతురు కాదు, హద్దులో నిలిచే వెలుతురు. కాంతికి పైఅంచు, విద్యుత్తుకు ఫ్యూజు, వేగానికి చూపు హద్దులు. మంచు ఉన్నంతసేపూ డిప్ దీపాలతో పాటు వీటిని వెలిగించి నెమ్మదిగా సాగాలి. మంచు విడిచి దారి తేటపడగానే చేయి చాచి ఆ స్విచ్చిని ఆపివేయాలి.