యున్నది, వస్తున్నది – ఇంగ్లీషులో మన పిల్లలు తడబడే చోటు

కుందుర్పి మండలము కర్ణాటక సరిహద్దున ఉన్నది. జిల్లాలో ఏడాదికి పడేది కొద్దిపాటి వాన, దానిని నమ్ముకొని వేసే వేరుశనగ. పంట పోయిన ఏడు ఎన్నో కుటుంబములు బెంగళూరు బస్సు ఎక్కుతాయి. సరిహద్దు వారము గనుక మనకు కన్నడము కొంత వచ్చును గాని, ఉద్యోగపు కాగితము మీద అడిగేది ఇంగ్లీషే. అందుకే ఈ నెల వాక్యధ్యానమునకు బదులు వ్యాకరణము వ్రాస్తున్నాము. చదువరులు ఓర్చుకొనవలెను; చివరకు వాక్యము దగ్గరకే వస్తాము.

“ఇక్కడ ఎన్నాళ్ళనుండి ఉంటున్నావు?” అని ఇంగ్లీషులో అడిగితే, మన పిల్లలలో చాలామంది “ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్” అంటారు. వారిని ఎగతాళి చేయకండి. “పదేండ్లనుండి ఇక్కడ ఉంటున్నాను” అను మంచి తెలుగు వాక్యమునే వారు అటు మార్చి చెప్పినారు. “ఉంటున్నాను” అంటే ఇప్పుడు ఉన్నాననియు, “నుండి” అంటే వెనుకటినుండి ఉన్నాననియు మనకు అర్థమైపోతుంది. ఇంగ్లీషు అట్లు ఒప్పుకోదు. వెనుక మొదలై ఇప్పటివరకు వచ్చినదానికి క్రియనే మార్చమంటుంది: “ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్.”

మన “నుండి” ఒక్కటే. వారికి రెండు మాటలున్నవి. మొదలైన సమయము చెప్పితే “సిన్స్” – 2015 నుండి, క్రిస్మస్ నుండి, పెండ్లి అయిన నాటినుండి. గడచిన కాలపు కొలత చెప్పితే “ఫర్” – పదేండ్లు, మూడు నెలలు, రెండు వారములు.

బడిలో ఈ పాఠమునకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనియు, ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ అనియు పేర్లు చెప్పి సూత్రము బట్టీ పట్టిస్తారు. పరీక్ష అయిన మరునాడు సూత్రము పోతుంది. మాకు తోచేదేమంటే, ఈ రెండు కాలములు సంఘములో పెరిగిన పిల్లల చెవిలో ఇదివరకే ఉన్నవి. “వ్రాయబడియున్నది” అను మాట తెలియని సండే స్కూలు పిల్లవాడు ఉన్నాడా? “వ్రాయబడెను” అంటే ఎప్పుడో జరిగిపోయిన పని. “వ్రాయబడియున్నది” అంటే అప్పుడు వ్రాసినది నేటికిని నిలిచి మన ఎదుట ఉన్నది. గ్రీకు మూలములో అక్కడ ఉన్న “గెగ్రప్తై” అను మాటకు భావము సరిగా ఇదే. ఇంగ్లీషు పర్ఫెక్ట్ కూడ ఇట్టిదే: పని వెనుకటిది, దాని ఫలితము ఇప్పటిది.

ఇక రెండవది. “వాడి మారుమనస్సు కోసము ఏడేండ్లుగా ప్రార్థిస్తూ వస్తున్నాము” అని తల్లులు సాక్ష్యములో చెప్పుట అందరము విన్నదే. ఆ “–స్తూ వస్తున్నాము”లో నిన్నటి ప్రార్థన, నేటి ప్రార్థన కలిసి ఉన్నవి. “వీ హావ్ బీన్ ప్రేయింగ్” అంటే అంతే.

పొలము దగ్గర చూతము. వాన వచ్చి పదునైయున్నది, గొర్రు కట్టవచ్చు అనునప్పుడు “ఇట్ హాజ్ రెయిన్డ్.” తెల్లవారినుండి ఆగక పడుతూనే ఉన్నది అనునప్పుడు “ఇట్ హాజ్ బీన్ రెయినింగ్.” (ఈ వాక్యము వాడే భాగ్యము మన మండలములో అరుదు.) నిన్న అని గాని, పోయిన శుక్రవారము అని గాని, 2019లో అని గాని గడచిన రోజు పేరు పెట్టితిమా, “హాజ్” పనికిరాదు; “ఇట్ రెయిన్డ్” అనవలసినదే.

బోరు సంగతి ఇంకా తేటగా ఉంటుంది. “దే హావ్ డ్రిల్డ్ ఫైవ్ బోర్‌వెల్స్” అంటే ఐదు బోర్లు వేసినారు, లెక్క తేలినది. నీళ్ళు పడినవో లేదో వేరే మాట. “దే హావ్ బీన్ డ్రిల్లింగ్ సిన్స్ మార్నింగ్” అంటే పొద్దుటినుండి వేస్తూనే ఉన్నారు. రిగ్గు బండి మోత ఆగలేదు, ఒంటినిండా తెల్లటి దుమ్ము, అడుగు అడుగుకు ఖర్చు పెరుగుతున్నది. ఎన్ని అయినవి అంటే మొదటిది. ఎంతసేపటినుండి సాగుతున్నది అంటే సాధారణముగా రెండవది. తెలియుట, నమ్ముట, కలిగియుండుట వంటి మాటలకు మాత్రము “ఇంగ్” తగిలించరు. ఆయన పదేండ్లుగా తెలుసు అనుటకు “ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్” అంటే చాలును.

ఇదంతా మార్కుల కొరకే అయితే మేము ఇంత వ్రాయము. పరాయి ఊరి ఆసుపత్రిలో, మన భాష రాని డాక్టరు ఎదుట కూర్చున్న కూలి మనిషిని తలంచండి. “ఐ కాఫ్డ్ ఫర్ టూ వీక్స్” అంటే దగ్గు వచ్చి పోయినదని అర్థము. “ఐ యామ్ కాఫింగ్” అంటే ఎన్నాళ్ళనుండియో తెలియదు. “ఐ హావ్ బీన్ కాఫింగ్ ఫర్ టూ వీక్స్” అంటేనే రెండు వారములుగా దగ్గు ఆగలేదని తెలిసేది. రెండు వారములు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించవలెనని మన దేశపు క్షయ నివారణ కార్యక్రమము చెప్పుచున్నది. ఉద్యోగపు దరఖాస్తులోను ఇంతే. “షి వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్” అని వ్రాసిన కాగితము, ఆ అమ్మాయి పని మానివేసినదని చెప్పును. ఇంకను చేస్తున్నదంటే “హాజ్ వర్క్‌డ్” అనియో “హాజ్ బీన్ వర్కింగ్” అనియో ఉండవలెను. సంతకము పెట్టించుకొనునప్పుడే చూచుకోండి. అమెరికా వారు “ఇప్పుడే”, “అప్పుడే” అను చోట్ల “హావ్” వదలి మామూలు భూతకాలము వాడుట కూడ కలదు. సినిమాలలో విని పిల్లలు కలవరపడనక్కరలేదు.

ఇప్పుడు వాక్యము. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 4:7లో పౌలు తన పోరాటమును, పరుగును, విశ్వాసమును గూర్చి చెప్పుచు మూడింటికిని గ్రీకులో పర్ఫెక్ట్ క్రియలనే వాడినాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మూడుచోట్లను “హావ్” పెట్టినది. “హావ్ బీన్ రన్నింగ్” అని పెట్టియుంటే, ముసలి అపొస్తలుడు ఇంకను దారిలోనే ఉన్నట్లు వినబడును.

ఇంతకంటె వింతైనది మొదటి కొరింథీయులకు 15:3–4లో ఉన్నది. క్రీస్తు మృతి పొందుట, సమాధి చేయబడుట – ఈ రెండింటికి పౌలు మామూలు భూతకాల క్రియలు వాడి, లేపబడుట దగ్గరకు రాగానే పర్ఫెక్ట్ వాడినాడు. మరణము జరిగినది, సమాధి జరిగినది. ఆయన మాత్రము లేపబడి సజీవుడై యున్నాడు. అయినను చాలా ఇంగ్లీషు అనువాదములలో ఆ చోట “హాజ్” కనబడదు. పక్కనే “మూడవ దినమున” అని రోజు చెప్పబడినది గదా. రోజు చెప్పిన తరువాత ఇంగ్లీషు “హాజ్”ను రానివ్వదు. గ్రీకు భాషకు ఆ అడ్డు లేదు. మన పిల్లవాడు “ఐ హావ్ కమ్ యెస్టర్‌డే” అని వ్రాస్తే మాస్టరు ఎర్రసిరాతో కొట్టివేసేది ఈ కూర్పునే.