గోడలో పాలిథీన్ షీటు ఏ వైపు ఉండాలి?

కెనడాలో చెక్క ఇళ్లు కట్టేటప్పుడు, గదివైపు జిప్సం బోర్డు బిగించే ముందు గోడలకీ సీలింగుకీ పాలిథీన్ షీటు కప్పుతారు. వాన, మంచు పడేది బయట కదా, షీటు లోపలివైపు ఎందుకు?

ఎందుకంటే ఆ షీటు ఆపేది వానను కాదు, ఇంట్లో పుట్టే ఆవిరిని. వంట, స్నానం, ఆరేసిన బట్టలు, మన ఊపిరి అన్నీ గదిలోకి ఆవిరిని వదులుతూనే ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 5 గ్రాములు కూడా ఇమడదు. జనవరిలో విన్నిపెగ్‌లో బయట మైనస్ 20 ఉంటే, లోపలి ఆవిరి గోడలోకి దూరి, గ్లాస్‌వూల్ దాటి, చల్లటి బయటి చెక్కపలకకు తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు అక్కడ నీరవుతుంది, ఆపైన గడ్డకడుతుంది. ఎండలు మొదలయ్యాక అదంతా కరిగి గోడ లోపలే చెక్కను నానబెడుతుంది. బూజు పడుతుంది, చెక్క చివుకుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇదేమీ కనిపించదు.

షీటు వేస్తే చాలా? చాలదు. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. చలి ప్రాంతపు ఇళ్లకు వేసిన ఒక ప్రసిద్ధ లెక్క ఉంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న జిప్సం బోర్డు గుండా చలికాలమంతా ఇంకిపోయే ఆవిరి పావు లీటరు, మహా అయితే మూడో వంతు లీటరు. అదే బోర్డుకు ఒక చదరపు అంగుళం కన్నం ఉంటే, గాలితో కలిసి పోయేది 30 లీటర్లకు దగ్గర! కాబట్టి స్విచ్ బాక్సుల చుట్టూ, సీలింగు లైట్ల చుట్టూ, అటక తలుపు అంచుల్లో సందులు మూయడమే అసలు పని. అంచులు విడిచిపెట్టిన షీటు వల్ల ఒరిగేది తక్కువ.

ఇప్పుడు గుంటూరుకు రండి. మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో లోపల చలి, బయట వేడి, ఉక్క. అంటే ఆవిరి దారి తిరగబడింది. అందుకే ఇటుక గోడ లోపలి ముఖానికి ముందు తారు పూసి, దానిమీద థర్మాకోల్ అతికించే పద్ధతి వచ్చింది. తారు థర్మాకోల్‌కు వేడివైపున ఉంటుంది. ఆ పూత తేడా చేస్తే థర్మాకోల్‌లోకి చెమ్మ చేరి, చలిని కాపాడే గుణం తగ్గుతుంది. కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

రెండుచోట్లా సూత్రం ఒకటే: ఆవిరి వచ్చే వేడివైపునే అడ్డు ఉండాలి. చలిదేశపు పద్ధతిని విశాఖ ఏసీ గదికి తెచ్చి లోపలివైపు ప్లాస్టిక్ వేస్తే, బయటి ఉక్క గోడ గుండా వచ్చి ఆ ప్లాస్టిక్ వెనకే నీరవుతుంది. అమెరికాలో ఫ్లోరిడా వంటి ఉక్క ప్రాంతాల హోటళ్లలో వినైల్ వాల్‌పేపర్ వెనక బూజు పట్టింది ఇలాగే.

వేసవి ఉక్క, చలికాలపు మంచు రెండూ ఉన్న ఊళ్ల కోసం నైలాన్ జాతి పొరలు వచ్చాయి. పొడిగా ఉన్నప్పుడు ఇవి ఆవిరిని అడ్డుకుంటాయి, చెమ్మ పెరిగితే దారి ఇచ్చి గోడను ఆరనిస్తాయి.

మన ఇటుక గోడలకు మాత్రం లోపల ప్లాస్టిక్ అక్కర్లేదు. పెయింటు పొక్కులు లేస్తుంటే వాననీరు ఎక్కడ దిగుతోందో, పైపు ఎక్కడ కారుతోందో, పునాది నుంచి చెమ్మ ఎక్కుతోందో ముందు చూడాలి. కారణం పట్టుకోకుండా వాల్‌పేపర్‌తో కప్పితే ఆ తడి ఆరే దారి కూడా మూసుకుపోతుంది.