అడ్డపొగ - గోడ దూకే కణం

మన హాస్టల్ ప్రహరీ గోడ దూకి సెకండ్ షోకి వెళ్లనివాళ్లు మనలో తక్కువే. (నేనూ రెండుసార్లు దూకాను. వార్డెన్ గారు క్షమించాలి.) క్యాన్సర్ గురించి రాస్తానని ఒప్పుకుని ఈ గోడ సంగతి ఎందుకంటే, క్యాన్సర్‌లో కూడా అసలు ప్రమాదం కణం గోడ దూకినప్పుడే మొదలవుతుంది.

విశాఖ, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన మనకు అడ్డపొగ కొత్త కాదు. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చని కారణాలు చెబుతారు. మా అమ్మమ్మను అడిగితే "అలవాటురా" అనేది, అంతే. ఆ వేడి, పొగ తిన్నగా అంగిలికే తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా బృందం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఆ వివరాలు ప్రచురించింది. వేరే చోట్ల అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ మన దగ్గర ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అంగిలి పైపొర కణాలు ఒకదాన్నొకటి చేతులు పట్టుకున్నట్టు అతుక్కుని ఉంటాయి. ఆ చేతుల పేరు ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్. వాటి కింద ఒక పల్చని పొర ఉంటుంది. అదే ప్రహరీ గోడ. గోడ అవతల రక్తనాళాలు, శోషరస నాళాలు ఉంటాయి.

ఇక వార్డెన్ పేరు పి53. దీన్ని 1979లో కనుగొన్నారు. దాదాపు పదేళ్లు దీన్నే క్యాన్సర్ తెచ్చే దొంగ అనుకున్నారు. 1989లో గానీ ఇది కాపలాదారని తేలలేదు! డి.ఎన్.ఎ. దెబ్బతింటే కణ విభజనను ఆపడం, బాగుకాని కణాన్ని చంపేయడం దీని పని. ఇంతవరకు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. దీనికి ఇంకో పని కూడా ఉంది. స్లగ్ అనే ప్రోటీన్ ఇ-క్యాడ్‌హెరిన్ తయారీని ఆపేస్తుంది, అంటే పట్టుకున్న చేతులను విడదీస్తుంది. పి53 ఆ స్లగ్ నాశనమయ్యేలా చేస్తుంది. 2009లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఈ సంగతి చూపించారు.

పొగాకు పొగలోని బెంజోపైరీన్ పి53 జన్యువుకే అతుక్కుని దాన్ని పాడు చేయగలదు. అప్పుడు స్లగ్‌కు అడ్డుండదు. పైగా చెడిన పి53 కొన్నిసార్లు ఊరికే పడి ఉండదు, కణం కదలడానికి తానే సాయపడుతుంది. వార్డెనే నిచ్చెన వేసినట్టు! విడిపోయిన కణాలు కత్తెరల్లాంటి ఎంజైములతో గోడను కోసి అవతలకు పోతాయి. తర్వాత మెడలో గడ్డలు కడతాయి.

గోడ దాటకముందు మాత్రం చాలాసార్లు ఏళ్ల గడువు ఉంటుంది. అంగిలి తెల్లబారడం, దానిమీద ఎర్రని చుక్కలు, ఎర్రని మచ్చ, మానని పుండు ఆ దశలోనే కనిపించవచ్చు. నొప్పి ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. అప్పుడే చూపిస్తే, అవసరమైతే ఆ చిన్న భాగం తీసేస్తే సరిపోవచ్చు. చుట్ట మానేస్తే కొన్ని మచ్చలు తగ్గుతాయి కూడా.

సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు మీ మామ్మనో, అమ్మమ్మనో వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. "ఏటి చూస్తావురా" అని నవ్వుతారు. టార్చిలైటు వేసి అంగిలి చూడండి. తేడా ఉంటే చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరకు తీసుకురండి.