తోట్లవల్లూరు ప్రాంతమున ఔత్సాహిక పద్యనాటకము

ఆంధ్ర నాటకరంగమును గూర్చి వెలువడిన గ్రంథములలో కవులకును, సమాజములకును, సుప్రసిద్ధ నటులకును తగినంత స్థానము లభించినది. ధార్వాడ నాటకసమాజము కోస్తా పట్టణములకు వచ్చిన ముచ్చటయు, 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే 'వ్యవహారధర్మబోధిని' నాడించిన సంగతియు, 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసిన వృత్తాంతమును మన విద్యార్థులకు కంఠస్థములే. కాని పగలెల్ల పొలములోనో బడిలోనో పనిచేసి, ఏడాదికి రెండు మూడు రాత్రులు మాత్రము కిరీటము ధరించి, తెల్లవాఱుజామున ముఖము రంగు కడుగుకొని తిరిగి పనికి బోయిన నటుని గూర్చి యా గ్రంథములు ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టినవి. వాని కష్టసుఖములు నాటక చరిత్రకు సంబంధించినవి కావను అభిప్రాయమే దీనికి కారణమై యుండును. ఆ అభిప్రాయము సరియైనది కాదని మా నమ్మకము. వాని కష్టసుఖములే నాటకపాఠమును మార్చినవి. ఆ మార్పులు అచ్చుపుస్తకములలో కానరావు.

ఈ విషయమై మేము తోట్లవల్లూరును కేంద్రముగా గ్రహించినాము. కృష్ణ యెడమగట్టున, ఉయ్యూరునకు చేరువలో నున్న ఈ గ్రామము వల్లూరు జమీందారీ పేరు మోసినది. చుట్టును లంకలు, చెఱకు, పసుపు, కంద, అరటి పండు నేల. దిగువకు బోయినచో మొవ్వ, కూచిపూడి, ఆవల దివిసీమ, తూర్పున గుడివాడ, బందరు. కూచిపూడివారికి ఆట కులవిద్య. మేము చెప్పబోవునది కులవిద్య కానివారి సంగతి.

ఆంగ్లదేశమున పానశాలలయందు వారాంతపు రాత్రులు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పనివారు కొందఱు జట్టుకూడి లోకప్రసిద్ధములైన పాటలనే మరల పాడుదురు. అట్టి జట్టులను 'కవర్ బ్యాండు'లందురు. పాట వారిది కాదు, బాణీ వారిది కాదు. వినవచ్చినవానికి రెండును ముందే తెలియును. తెలిసినదానిని తెలిసినట్లు పాడిననే మెప్పు, పాడకున్న ఎగతాళి. మన పల్లెటూరి పద్యనాటకబృందము స్థితియు అక్షరాల నిట్టిదే. అక్కడి శ్రోత పానపాత్రతో బల్లముందు కూర్చుండును. ఇక్కడివాడు చాపమీద కూర్చుండి కునుకుచుండును. పానమునకు మాత్రము తిరునాళ్ళ రాత్రి ఇక్కడను కొఱత యుండెడిది కాదు.

ఈ ప్రాంతమున విశేషముగా ఆడబడినవి తిరుపతి వేంకటకవుల భారతనాటకములు, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి 'సత్యహరిశ్చంద్ర', చిలకమర్తివారి 'గయోపాఖ్యానము', కాళ్ళకూరి నారాయణరావుగారి 'చింతామణి'. జంటకవులలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగా నుండినవారు గనుక ఆ పద్యములపై ఈ సీమవారికి ఇంటివారి చనవు కలదు. 'పాండవోద్యోగము', 'పాండవవిజయము' అనునవి రెండు వేర్వేరు నాటకములని విద్యార్థులకు గుర్తుచేయుట మంచిది. రంగస్థలముపై ఆ రెంటినుండియు ఘట్టములను ఏఱి, ఒక రాత్రికి సరిపడ కూర్చిన ప్రదర్శనమునే జనులు 'పాండవోద్యోగవిజయములు' అందురు. ఆ కూర్పు కవులు చేసినది కాదు. నటులును, హార్మోనిస్టులును చేసినది.

ఒకే రాత్రి పడకసీనునకు ఒక కృష్ణుడు, రాయబారమునకు మఱియొక కృష్ణుడు, యుద్ధమునకు వేఱొకడు వచ్చుట మనకు పరిచితమే. కంట్రాక్టు నాటకములలో దీనికి హేతువు ప్రసిద్ధి: ఒక్కొక్క నటుని కొఱకు కొంతమంది టిక్కెట్టు కొందురు. పల్లెలో హేతువు వేఱు. ఔత్సాహిక బృందమున నటునికి డబ్బిచ్చువారుండరు. నటుడే డబ్బిచ్చి వేషము కట్టును. పందిరి, తెరలు, దుస్తుల అద్దె, రంగులు, మైకు, హార్మోనిస్టునకును తబలావానికిని ఇయ్యవలసినది, పట్టణమునుండి వచ్చు నటీమణి పారితోషికము, ఇవన్నియు వేషధారులే పంచుకొనవలెను. పెద్దవేషమునకు పెద్దవంతు. ఒక్కడు భరింపలేని కృష్ణవేషమును ముగ్గురు పంచుకొందురు. కావున నాటకమునందలి ఘట్టవిభాగము కొంత అర్థశాస్త్రమునకు లోబడినదని చెప్పిన అతిశయోక్తి కాదు. ముగ్గురు కృష్ణులు చందా వేసినచో మువ్వురకును మంచి పద్యములుండవలెను; కానిచో మూడవవాడు వంతు ఈయడు. యుద్ధఘట్టమున ఇతర స్థలములనుండి పద్యములు చేరుటకు మేము విన్న కారణములలో ఇది ముఖ్యమైనది.

శిక్షణము సంగతి. బృందమునకు గురువు హార్మోనిస్టు. కోతలు, నూర్పిళ్ళు ముగిసిన పిమ్మట అతడు గ్రామమున బసచేసి, రాత్రి భోజనములైన తరువాత ఎవరి అరుగుమీదనో, బడిసావడిలోనో నెలా రెండు నెలలు రిహార్సళ్ళు నడిపించును. చదువు వచ్చినవానికి పోర్షను వ్రాసి యిచ్చును. రానివానికి నోటిపాఠము చెప్పును. నటుని గొంతు నెఱిగి శ్రుతి నిర్ణయించువాడును, ప్రదర్శనమున పద్యము మఱచినవానికి మెల్లగా అందించువాడును, తాళము తప్పినవానిని కప్పిపుచ్చువాడును అతడే. మైకులు లేని దినములలో చివరివరుసకు వినబడవలెనని నటులు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడిరి. మైకు వచ్చిన తరువాత ఆ యవసరము తీఱినను శ్రుతి దిగలేదు. శ్రుతి తగ్గించుట పౌరుషమునకు లోపమని నటులును శ్రోతలును తలచుటయే దీనికి కారణము.

ఇక బాణీ విషయము. ఇందే మా ప్రధానాంశమున్నది.

కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి పద్యములు గ్రామఫోను పలకలపైకెక్కిన తరువాత పల్లెనటునకు రెండవ గురువు దొరకినాడు. నిమిషమునకు డెబ్బది యెనిమిది చుట్లు తిరుగు ఆ పలకలో ఒక్కొక్క వైపున పట్టునది సుమారు మూడు నిమిషములు మాత్రమే. రంగస్థలముపై అదే నటుడు రాగమును ఎంత సేపు పెంచునో శ్రోతల యుత్సాహమును బట్టి యుండును. పలకపై ఎత్తుగడ, పద్యము, చివరి రాగము అన్నియు ఆ మూడు నిమిషములలో ఒదుగవలెను. పలకవలన నేర్చినవాడు ఆ కుదింపునే సంపూర్ణరూపమని నమ్మినాడు. అందువలన 'వన్స్ మోర్' వచ్చినపుడు ప్రవీణుడు రెండవసారి సంగతులు మార్చి పాడగా, మనవాడు మొదట పాడినదానినే పొల్లుపోకుండ మరల పాడెడివాడు. దీనిని పండితులు చిలుకపలుకులని పరిహసించిరి. కాని న్యాయము చెప్పవలెనన్న, మార్చి పాడినచో సభ క్షమించెడిది కాదు. "బాణీ తప్పినాడు" అను కేక పందిరి వెనుకనుండి వచ్చెడిది. అనుకరించినచో విద్వాంసుల నిరసన, అనుకరింపకున్నచో జనుల నిరసన: ఈ రెంటి నడుమ ఆ గొంతు బ్రతుకవలెను.

కృష్ణపాత్రయందు బందా కనకలింగేశ్వరరావు, కల్యాణం రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజుగార్లు ఎవరికి వారు వేర్వేరు పోకడలు నెలకొల్పిరి. పల్లెలో కృష్ణవేషధారి వీరిలో ఎవరి పక్షమువాడో తొలి పద్యముతోనే తెలిసిపోవును. సభయు రెండుగా చీలును. రఘురామయ్యగారి ఈలపాటను అనుకరింపబోయి గాలి మాత్రమే వెడలినవారి కథలు ప్రతి గ్రామమునను కలవు. 1967లో 'శ్రీకృష్ణావతారము' చలనచిత్రమున ఘంటసాలవారు జంటకవుల పద్యములు పాడిన తరువాత మూడవ గురువు వచ్చినాడు. రాగవిస్తారము తగ్గి, పదచ్ఛేదము స్పష్టమై, అర్థము ముందునకు వచ్చినది. వృద్ధులు దీనిని సినిమా పద్యమని కొట్టివేసిరి. మా మట్టుకు పద్యార్థము వినబడుట దోషముగా తోచదు. ఘంటసాలవారి స్వగ్రామమగు చౌటపల్లి గుడివాడ చేరువదే గనుక, ఆ బాణీ మదరాసు చుట్టి పుట్టింటికే చేరినదనవచ్చును.

ప్రదర్శనపు రాత్రి సుఖదుఃఖములను కొంత వివరింపవలెను. పది గంటలకు తెర తీయుదమనుకొన్నది ఊరిపెద్దలు వచ్చువరకు లేవదు. పడకసీను నాటికి సభ కిటకిటలాడును. రాయబారమునకు ఊపు తగ్గదు. యుద్ధఘట్టము తెల్లవాఱుజామున బడును; అప్పటికి పిల్లలు నిద్రించిరి, స్త్రీలు ఇండ్లకు బోయిరి, మంచు దిగినది. మూడవ కృష్ణుడు గొంతు బిగిసి, నలువది మంది నిద్రితుల యెదుట గీతోపదేశము చేయవలెను. తక్కువ వంతు వేసినవానికి దక్కిన గడియ అది. దీనికి తోడు చదివింపులు. మంచి పద్యము నడుమ ఎవరో పది రూపాయలు పంపగా, వారి పేరును ఇంటిపేరుతో సహా మైకులో చదువువఱకు కృష్ణుడు చేయి యెత్తి నిలిచియుండవలెను. పద్యము విఱిగినదని నటుడు బాధపడునా? పడును, కాని ఆ రూపాయలే తెల్లవాఱి తెరలవానికి చెల్లవలసినవి.

స్త్రీపాత్రల చిక్కు వేఱు. పద్మశ్రీ పురస్కారము 1956లో పొందిన స్థానం నరసింహారావుగారి వంటివారు పురుషులై యుండి స్త్రీపాత్రలకు గౌరవము తెచ్చిరి. గుడివాడ ప్రాంతపు అక్కినేని నాగేశ్వరరావుగారును మొదట ఔత్సాహిక రంగమున స్త్రీపాత్రలతోనే పేరుపడిరి. పల్లెలో మాత్రము సత్యభామ కట్టిన యువకునకు పెండ్లివేళ ఆ పేరే అడ్డువచ్చెడిది. తరువాత నటీమణులను పిలిపించు నలవాటు వచ్చి ఆ బాధ తీఱినది, ఖర్చు పెరిగినది. ఆమె ఎన్నో బృందములతో అదే పాత్ర నాడినది గనుక రిహార్సలు లేకయే వచ్చి, తడబడు కృష్ణుని తానే నడిపించుకొని పోయెడిది. ఆ నేర్పునకు మన గ్రంథములలో పేరు లేకపోవుట మఱియొక లోపము.

ఇంతకు ప్రతిఫలమేమి? పేరు. ధర్మరాజు కట్టినవాడు చనిపోవువఱకు ధర్మరాజుగారే. చెఱకు బండి తోలుకొని ఉయ్యూరు మిల్లుకు బోవు రైతును దారిలో "దుర్యోధనుడు పోవుచున్నాడు" అని చూపుట మేము కన్నదే. ఆ పిలుపు విని అతడు బండిమీద ఒకింత నిటారుగా కూర్చుండెను.

ఇక పాఠము. బలిజేపల్లివారి హరిశ్చంద్రనాటకమున కాటిసీనునందు జాషువా కవి శ్మశానపద్యములు చేరి, విడదీయరాని విధముగ నిలిచిపోయినవి. ఆ పద్యములు బలిజేపల్లివారివే యని నమ్మినవారిని మేము అనేకులను చూచితిమి. అవి అక్కడ ఒప్పినవి; నాటకమునకు మేలే జరిగినది. దీనికి విరుద్ధోదాహరణము 'చింతామణి'. వేశ్యావ్యసనమును ఖండింపవలెనని కాళ్ళకూరివారు వ్రాసిన నాటకమున సుబ్బిశెట్టి పాత్రకు నటులు తమ తమ చమత్కారములను చేర్చి, ఏటేట పెంచి, హాస్యమును వెకిలితనమునకు దింపిరి. ఆర్యవైశ్యులు చిరకాలము ఆక్షేపించిరి. తుదకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రదర్శనమును నిషేధించెను. నిషేధము యుక్తమా యను చర్చ ఇక్కడ మాకు అప్రస్తుతము. వివాదమున నలిగిన వాక్యములలో కవివి ఎన్ని, రంగస్థలమున చేరినవి ఎన్ని యని తేల్చుటకు ఆధారము మాత్రము కావలెను. అట్టి యాధారము అచ్చుప్రతిలో లేదు. పోర్షను పుస్తకములలో కలదు.

ఈ పుస్తకములు చవుక నోటుబుక్కులు. వేషధారి తన మాటలను మాత్రమే వ్రాసికొనును. ఎదుటివాని మాటలో చివరి పదము గుర్తుగా నుండును. పద్యము ప్రక్కన రాగము పేరు, శ్రుతి, కొన్నిచోట్ల "ఇక్కడ ఆగవలెను" అను సూచన. తాళపత్రములకు చూపు శ్రద్ధలో పదవవంతు వీనికి చూపినను నాటక పాఠచరిత్ర కొంత బయటపడును. మేము వెదకబోయినపుడు కొన్ని చెదలకు, కొన్ని పాతకాగితముల వానికి పోయినవి. ఒకచోట తండ్రి పుస్తకమును కుమారుడు చితిపై నుంచెను. అది తండ్రి కోరికయట. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తాకిన గ్రామములలో, మనుష్యులే కొట్టుకొనిపోయిన యిండ్లలో, నోటుపుస్తకములున్నవా యని యడుగుటకు మాకు నోరాడలేదు.

మాకు దొరకిన వానిలో రాయబారపు కృష్ణుని పుస్తకమొకటి గమనింపదగినది. అట్టపై పేరు చెరిగినది. లోపల నాలుగు పద్యములు అచ్చుప్రతిలో లేనివి; వాని కర్త ఎవరో పరిశోధకులు తేల్పవలెను. రెండు పద్యములు కొట్టివేసి, వాని స్థానమున ఒక వచనవాక్యము చేర్చబడినది. కష్టమైన చివరిరాగములు గల పద్యములు ఆ రెండే. తొలిపుటపై శ్రుతి ఐదున్నర యని సిరాతో వ్రాసియున్నది. దానిని కొట్టి ఐదు. దానిని కొట్టి నాలుగున్నర. చిట్టచివర పెన్సిలుతో, వణకిన చేతితో, నాలుగు.