ఉదయగిరి, ఆత్మకూరు ఓటర్ల తీరు

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల “ఈసారి గాలి యెటు?” అను ప్రశ్న ఇంటింట వినబడును. మన ఉదయగిరి ఆ గాలికి లొంగని దినములు కలవు.

1978లో రాష్ట్రమున ఇందిరా కాంగ్రెసు గెలువగా, ఉదయగిరివారు జనతా పక్షమునకు చెందిన వెంకయ్యనాయుడుగారిని శాసనసభకు పంపిరి. 1983లో తెలుగుదేశము ప్రభంజనమువలె వీచినను, భారతీయ జనతా పక్షము తరఫున నిలిచిన నాయుడుగారినే మరల నెన్నుకొనిరి. మేకపాటి చంద్రశేఖరరెడ్డిగారు 2009లో కాంగ్రెసు తరఫునను, 2012 ఉపయెన్నికలో వై.యస్.ఆర్. కాంగ్రెసు తరఫునను గెలిచిరి. పక్షము మారెను, మనిషి మారలేదు.

తరువాత తీరు మారినది. 2014లో ఉదయగిరి తెలుగుదేశమును, పొరుగుననున్న ఆత్మకూరు వై.యస్.ఆర్. కాంగ్రెసును కోరెను. 2019లో రెండును వై.యస్.ఆర్. కాంగ్రెసునకు, 2024లో రెండును తెలుగుదేశమునకు దక్కెను. ఈ మూడు పర్యాయములును ఉదయగిరి రాష్ట్రమున గెలిచిన పక్షమువైపే నిలిచినది.

అంతమాత్రమున ఊరెల్ల మనసు మార్చుకొన్నదనరాదు. నూరుగురిలో 52 మంది ఒకవైపు, 48 మంది వేరొకవైపు నున్నారనుకొందము. ముగ్గురు మాత్రమే అటు మరలినచో లెక్క 49, 51 అగును. గెలుపు చేతులు మారును. తక్కిన 97 మంది యున్నచోటనే యుందురు. ఓటు రహస్యము గనుక ఆ ముగ్గురెవరో ఎవరికిని తెలియదు. కావున ఫలితము చూచి ఇరుగుపొరుగువారిని అనుమానించుట తగదు.

1989 నుండి ఓటుహక్కు 21 ఏండ్లకు బదులు 18 ఏండ్లకే లభించుచున్నది. విద్యార్థులారా, కొలది యేండ్లలో ఆ ముగ్గురిలో మీరును ఉండవచ్చును.